జార్జి విలియమ్సు గారి మేడగది

ధ్యానభాగము: మార్కు 2:1–12



మన సంఘములలో స్త్రీల సమాజము లేని ఊరు అరుదు. మన అమ్మలు, అక్కలు వారమున కొకసారి కూడుకొందురు. అన్నము వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి దేవుని కొరకు కుండలో వేయుదురు. జబ్బుపడినవారి యింటికి వెళ్లి ప్రార్థింతురు. పురుషుల కూడిక మాట యెత్తినప్పుడు మాత్రము నీళ్ల వంతు అనియు, కోతలు అనియు, సంత అనియు ఏదో యొకటి అడ్డు వచ్చును. క్రిస్మసుకు పందిరి వేయవలెనన్నను, గుడికి సున్నము కొట్టవలెనన్నను మన పురుషులు వెనుదీయరు. అది మెచ్చవలసినదే. కాని ఒకని ఆత్మ స్థితిని గూర్చి మరియొకడు విచారించుట, పక్కవాని పేరు చెప్పి మోకరించుట, ఇవి పాదిరిగారికిని ఆడవారికిని విడిచిన పనులన్నట్లు ఊరకుందురు.

అందుచేత ఈ నెల మేము ఒక బట్టల కొట్టు గుమాస్తా జీవితమును వ్రాయుచున్నాము. ఆయన పేరు జార్జి విలియమ్సు. ఆయన పాదిరి కాడు, వేదాంత పాఠశాలలో చదివినవాడు కాడు, పుస్తకములు వ్రాసినవాడును కాడు. పెద్ద పట్టణములలో వై.ఎం.సి.ఏ. అను నాలుగు అక్షరముల పలక మీలో అనేకులు చూచియుందురు. క్రైస్తవ యువకుల సమాజము అని దాని అర్థము. దానిని మొదట కూర్చినవాడు ఈయనయే. ఆ సమాజము ఎంత పెద్దదైనదో చెప్పుట మా ముఖ్యోద్దేశము కాదు. అది యెట్టి గదిలో, ఎట్టివారి మధ్య పుట్టినదో మన పురుషులు తెలిసికొనవలెనని మా కోరిక.

ఇంగ్లాండు దేశపు పడమటి భాగమున సోమర్సెట్ అను జిల్లా కలదు. అక్కడ డల్వర్టన్ అను చిన్న ఊరి దగ్గర, ఆష్వే అను పొలములో, 1821వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన జార్జి పుట్టెను. ఎనిమిదిమంది కొడుకులలో ఈయన కడగొట్టువాడు. తండ్రి సేద్యగాడు. అది కొండ ప్రాంతము. గొఱ్ఱెలు, పశువులు, గడ్డి, ఇదే వారి బ్రతుకు. పదమూడేండ్లకు బడి మాని జార్జి అన్నలతో కూడ పొలము పనికి దిగెను. ఒకనాడు ఆయన ఎండుగడ్డి బండిని తోలుకొని వచ్చుచుండగా బండి గోతిలోనికి ఒరిగి బోర్లపడెనని చెప్పుదురు. ఇంటిలోనివారు కూర్చుండి ఆలోచించి, వీడు సేద్యమునకు పనికిరాడు, వీనిని ఏదైన వర్తకములో పెట్టుదమని తీర్మానించిరి. మన ఊళ్లలోను ఇట్టి తీర్మానములు అరుగుల మీద ఎన్ని జరుగలేదు! నాగలి పట్టలేనివాడు దేనికిని పనికిరాడని తండ్రి అనిన మాట కొందరు బాలురను జీవితమంతయు వెంటాడును. ఈ బాలుని విషయములో ఆ బోల్తాపడిన బండియే దేవుడు తెరచిన త్రోవ ఆయెను.

1836లో జార్జిని బ్రిడ్జివాటర్ అను పట్టణమున ఒక బట్టల వర్తకుని వద్ద పని నేర్చుకొనుటకు చేర్చిరి. అప్పటికి ఆయనకు పదునాలుగేండ్లు దాటినవి. ఆ కొట్టులో అనేకులు కుఱ్ఱవాండ్రు యజమాని యింటనే తిని పండుకొని పని చేయుచుండిరి. జార్జి చెడ్డవాడు కాడు గాని దేవుని యెడల లక్ష్యము లేనివాడు. ఒట్లు పెట్టుట, బూతులాడుట అలవాటైయుండెను. అయితే తోటి పనివారిలో కొందరు నిజమైన విశ్వాసులుండిరి. వారు ఆయనకు ప్రసంగము చేయలేదు. వారి నడత వేరుగా నుండెను, అంతే. వారికిని తనకును మధ్య ఏదో తేడా యున్నదని ఆ కుఱ్ఱవాని మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనెను.

1837వ సంవత్సరపు చలికాలములో ఒక ఆదివారము రాత్రి ఆయన ఆ పట్టణములోని సీయోను మందిరమునకు వెళ్లి వెనుక కూర్చుండెను. అది చిన్న మందిరము. ఆ రాత్రి వినిన వాక్యము ఆయనను పట్టుకొనెను. కొట్టునకు తిరిగి వచ్చి, వెనుక భాగమున మోకరించి తన్నుతాను ప్రభువునకు అప్పగించుకొనెను. అప్పటికి ఆయనకు పదునారేండ్లు. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో ఆ సంఘములో సభ్యుడాయెను. 1839లో మద్యము ఇక ముట్టనని ప్రమాణము చేసి, చనిపోవువరకు ఆ మాట నిలుపుకొనెను.

ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. ఆయన మారుమనస్సునకు ప్రసంగము చేసిన పాదిరిగారు ఎంత కారణమో, పేరు పెద్దగా నిలువని ఆ తోటి పనివారు అంత కారణము. పాదిరిగారు వినిపించినది ఆదివారము ఒక గంట. వారు చూపించినది ఆరు దినములు.

1841లో ఆయన లండను వెళ్లెను. అన్న ఒకడు వర్తకములో నుండెను. అతడు తమ్ముని హిచ్‌కాక్ మరియు రోజర్సు అను బట్టల కొట్టునకు తీసికొని పోగా, యజమానియైన జార్జి హిచ్‌కాక్ దొర ఈ కుఱ్ఱవాడు మరీ పొట్టిగా నున్నాడని మొదట సందేహించెనట. చివరకు పనిలో పెట్టుకొనెను. ఆ కొట్టు సెయింటు పాల్సు అను మహా దేవాలయము ఎదుటనే యుండెను. అందులో సుమారు 140 మంది పని చేయుచుండిరి.

ఆ కాలపు లండనులో దాదాపు 20 లక్షల జనముండిరి. పల్లెల నుండి కుఱ్ఱవాండ్రు వేలకొలది వచ్చి కొట్లలో చేరుచుండిరి. ప్రొద్దున ఏడు గంటల మొదలు రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల వరకు నిలువుకాళ్ల మీద పని. తరువాత కొట్టుమీది గదులలో ఇరుకిరుకుగా పడక. ఒక మంచము మీద ఇద్దరు పండుకొనుటయు కలదు. కూర్చుండుటకు చోటు లేదు, చదువుకొనుటకు దీపము లేదు, పలుకరించుటకు తల్లి లేదు. తలుపు తీసికొని వీధిలోనికి పోయినయెడల సారాయి దుకాణములు, జూదపు గదులు, వేశ్యావాటికలు. పల్లెలో గుడికి తప్పక వెళ్లిన బాలుడు అక్కడ ఆరు నెలలలో గుడి త్రోవ మరచిపోవుచుండెను. అతనిని ఎవరును చెరుపనక్కరలేదు. విసుగు, ఒంటరితనము చాలును.

ఇది వ్రాయుచుండగా మాకు మన బిడ్డలే జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. హైదరాబాదునకు మేస్త్రీల వెంట వెళ్లినవారు, బెంగళూరులో కాపలా పనికి కుదిరినవారు, గల్ఫు దేశములకు అప్పు చేసి వెళ్లినవారు మన ప్రతి సంఘములోను ఉన్నారు. ఒక గదిలో ఎనిమిదిమంది పండుకొందురు. వారు పంపు డబ్బు గూర్చి మనము ప్రతినెల విచారింతుము. ఆదివారము ఎక్కడికి పోవుచున్నారని అడుగువారు ఎందరు?

ఆ కొట్టులో చేరిన క్రొత్తలో జార్జి విలియమ్సునకు ప్రార్థించు తోడు దొరకుట కష్టమాయెను. ఆయన వెదకెను. ఒకరిద్దరు దొరకిరి. పని ముగిసిన తరువాత తన పడకగదిలో వారితో కూడ మోకరించుట మొదలుపెట్టెను. వారు చేసిన పని చాల సామాన్యమైనది. వాక్యము చదువుకొందురు. తోటి పనివారిలో ఒక్కొక్కనిని పేరు చెప్పి ప్రభువునొద్ద అడుగుదురు. తరువాత ఆ మనిషిని పలుకరింతురు, స్నేహము చేయుదురు, గదికి పిలుతురు. లోకమంతటిని రక్షింపుమని గుంపుగా ప్రార్థించుట సులువు. మేడమీద నాలుగవ మంచములో పండుకొను ఫలానావానిని రక్షింపుమని ప్రార్థించి, తెల్లవారి వాని ముఖము చూచుట కష్టము. వారు ఈ కష్టమైన దానిని ఎన్నుకొనిరి. కొంత కాలమునకు ఆ గది చాలక రెండవ గది కావలసివచ్చెను.

అమెరికా దేశపు ప్రసంగికుడు చార్లెస్ ఫిన్నీ గారి ఉపన్యాసములను విలియమ్సు గారు శ్రద్ధతో చదివియుండెను. ఆదివారములలో థామస్ బిన్నీ గారి సంఘమునకు వెళ్లుచు, బీదపిల్లల బడిలో బోధించుచుండెను. అయినను ఆయన పని పుస్తకముల వలన కంటె మనుష్యుల వెంబడి తిరుగుట వలననే జరిగెను.

ఒక సంగతి ఆయన జీవితమును గూర్చి చెప్పువారందరును చెప్పుదురు. కొట్టులో ఒకడు ఈ ప్రార్థనకూడికకు గట్టి విరోధి. ఎగతాళి చేయును, క్రొత్తగా వచ్చు కుఱ్ఱవాండ్రను బెదరించి మాన్పించును. వానిని గూర్చి ప్రార్థించుటతో బాటు, వానికి ఏమి యిష్టమని విలియమ్సు విచారించెను. ఆల్చిప్పల మాంసమన్న వానికి ప్రాణమని తెలిసెను. లండనులో ఆ దినములలో అది బీదలు కూడ కొనుక్కొను తిండి. వెంటనే విశ్వాసులందరు చందా వేసికొని ఆల్చిప్పల విందు చేసి వానిని పిలిచిరి. ఈ భక్తులు నవ్వులు లేనివారని అనుకొనియున్నవాడు ఆ రాత్రి వారితో కలిసి తిని, నవ్వి, సంతోషముగా వెళ్లెను. ఆ విందులో ఎవరును వానికి బోధించలేదు. తిన్న ఉప్పునకు ఒకసారి కూడికకు వచ్చుట మర్యాదయని తలంచి వాడే తరువాత వచ్చెను. వచ్చినవాడు నిలిచెను. కొన్నాళ్లకు సమాజము మొదలుపెట్టిన పండ్రెండుమందిలో అతడును ఒకడాయెను. మన ఊళ్లలోనైతే అది కోడికూర భోజనమై యుండును. ప్రభువు సుంకరుల యింట భోజనమునకు కూర్చుండుటలో ఎంత జ్ఞానమున్నదో ఆ గుమాస్తాలు గ్రహించిరి. మన పెద్దలలో కొందరు ఇంకను గ్రహింపలేదని చెప్పక తప్పదు.

యజమాని హిచ్‌కాక్ దొర మాట వేరు. ఆయన వర్తకములో సమర్థుడు, దేవుని సంగతిలో అంతగా పట్టించుకొననివాడు. ఆయన పేరును ఆ పడకగదిలో ప్రార్థనలో వినబడుచుండెను. కూలివారు తమ ఆసామి కొరకు మొఱపెట్టుట తేలికయైన సంగతి కాదు. వానిని తిట్టుకొనుట తేలిక. కొంత కాలమునకు ఆ దొర మనస్సు మారెను. కొట్టులో ఉదయ ప్రార్థన పెట్టించెను, పనివారి కొరకు ఒక దైవసేవకుని నియమించెను. పని గంటలు తగ్గింపవలెనని ఆ కాలమున వర్తకులలో జరిగిన ప్రయత్నమునకు తోడు నిలిచెను. తరువాత యువకుల సమాజమునకు మొదటి కోశాధికారియు ఆయనయే ఆయెను. ప్రార్థన మొదలుపెట్టినప్పుడు ఆ కొట్టు మంచి కొట్టు కాదు. ప్రార్థించినవారి మూలమున అది మంచిదాయెను.

ఈ స్థలమున మార్కు సువార్త రెండవ అధ్యాయమును తెరచి చూతము. కపెర్నహూములో ప్రభువు ఒక యింట నున్నాడు. పక్షవాయువు గల ఒకనిని నలుగురు మోసికొని వచ్చిరి. ఆ నలుగురి పేర్లు మార్కు వ్రాయలేదు. వారు మాటలాడిన ఒక్క మాటయైనను వ్రాయలేదు. బహుశః వారు మాటకారులు కారు. మన పురుషులలో ఎక్కువమంది వంటివారే: పదిమందిలో ప్రార్థన చేయుమన్న గొంతు పెగలదు. అయితే పడక పట్టుకొనుట వారికి తెలియును. పడకకు నాలుగు మూలలు. ఒక్కడు మోయలేడు, ముగ్గురు మోసినయెడల ఒక మూల వ్రేలాడి రోగి జారిపోవును. జనము అడ్డమైనప్పుడు తిరిగి యింటికి పోదమని వారిలో ఒకడైన అనియుండిన, ఆ పని అక్కడనే ఆగిపోయి యుండును. వారు పైకెక్కి కప్పు విప్పిరి. ఇంటి కప్పు విప్పుట, తిరిగి కప్పుట ఎంత పనియో తాటాకు ఇండ్లు కప్పిన మన తాతలకు తెలియును.

ఇక ఆ వాక్యభాగములో మనలను నిలువబెట్టు సంగతి యిది. ప్రభువు చూచినది రోగి విశ్వాసము మాత్రమే అని అక్కడ లేదు. వారి విశ్వాసము చూచెనని యున్నది. మోసినవారి విశ్వాసమును లెక్కలోనికి తీసికొనెను. తనంతట తాను ప్రభువునొద్దకు రాలేని మనిషి కొరకు నలుగురు మగవాండ్రు చెమటోడ్చిన దానిని ప్రభువు విశ్వాసమని పిలిచెను. కల్లు దుకాణమునకు అలవాటుపడి కాళ్లు లేనివానివలె అయిన సహోదరుడు మన వీధిలో ఉన్నాడు. అతడు గుడికి రాలేదని ఆదివారము అరుగు మీద మాటలాడుకొనుట మోయుట కాదు.

లండనునకు తిరిగి వత్తము. 1844వ సంవత్సరము మే నెల చివర ఒక ఆదివారము సాయంకాలము విలియమ్సు గారు తన తోటి పనివాడైన ఎడ్వర్డు బ్యూమాంటుతో కలిసి ఆరాధనకు నడచి వెళ్లుచుండెను. థేమ్సు నది మీద బ్లాక్‌ఫ్రయర్సు వంతెన దాటుచుండగా, తమ కొట్టులో దేవుడు చేసినది పట్టణములోని యితర కొట్లలో కూడ ఎందుకు జరుగకూడదని ఆయన తన మనస్సు విప్పి చెప్పెను. తోడు నిలుతునని బ్యూమాంటు మాట యిచ్చెను. జూన్ 6వ తేదీ గురువారము రాత్రి విలియమ్సు గారి పడకగదిలో పండ్రెండుమంది కూడిరి. ఒకడు తప్ప తక్కినవారందరు ఆ కొట్టువారే. ఆ యొకడు వేరొక బట్టల కొట్టు నుండి వచ్చిన జేమ్సు స్మిత్తు. వారు ఆంగ్లికన్, కాంగ్రిగేషనల్, బాప్టిస్టు, మెథడిస్టు సంఘములకు చెందినవారు. ఎవరి బాప్తిస్మము సరియైనదని వారు ఆ రాత్రి తగవులాడియుండిన ఈ చరిత్ర వ్రాయుటకు ఏమియు ఉండెడిది కాదు. ఒకే ఊరిలో రెండు మిషనుల గుళ్లు ఎదురెదురుగా నుండి, పెండ్లికి తప్ప ఒకరి గడప ఒకరు త్రొక్కని చోట్లు మనకు తెలియును.

వారు పెట్టిన మొదటి ఉద్దేశము చాల చిన్నది. బట్టల వర్తకములోను, తక్కిన వర్తకములలోను పని చేయు యువకుల ఆత్మీయ స్థితిని బాగుచేయుట, అంతే. కొంత కాలమునకు పడకగది చాలక ఒక కాఫీ హోటలులో గది అద్దెకు తీసికొనిరి. పట్టణములోని కొట్లకు ఉత్తరములు వ్రాసి అక్కడి విశ్వాసులను కనుగొని, వారి వారి కొట్లలోనే ప్రార్థనకూడికలు పెట్టించిరి. బైబిలు తరగతి, చదువుకొనుటకు పుస్తకములు, వెలుతురు గల గది, మంచి ఉపన్యాసములు, వీనిని ఒకటొకటిగా చేర్చిరి. వీధిలోనికి పోవద్దని మందలించుటతో ఊరకొనక, కూర్చుండుటకు చోటు చూపిరి. మరుసటి సంవత్సరము టార్ల్‌టన్ అను ఆయనను జీతమిచ్చి కార్యదర్శిగా నియమించిరి. 1851 నాటికి గ్రేట్ బ్రిటనులో ఇట్టి సమాజములు 24 లేచినవి. ఆ సంవత్సరమే సముద్రము దాటి మాంట్రియాలులోను, బోస్టనులోను వేరూనెను. 1855లో పారిసులో అనేక దేశముల సమాజములు కూడి, శిష్యులందరు ఏకమై యుండవలెనని ప్రభువు చేసిన ప్రార్థనను (యోహాను 17:21) తమ ఐక్యతకు గుర్తుగా తీసికొనెను. ఆ కూడికకు పాటుపడినవారిలో జెనీవా పట్టణపు యువకుడు హెన్రీ డ్యూనాంటు ఒకడు. రెడ్‌క్రాసు స్థాపనకు కారకుడై, 1901లో మొట్టమొదటి నోబెలు శాంతి బహుమానమును పంచుకొనినది ఆయనయే.

ఈ వృద్ధిని గూర్చి ఇంతకంటె వ్రాయనక్కరలేదు. మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించునది వేరు. విలియమ్సు గారు కొట్టు విడువలేదు. 1853లో యజమాని కుమార్తె హెలెన్‌ను వివాహమాడి, వ్యాపారములో భాగస్తుడాయెను. 1863లో మామగారు చనిపోగా ఆ కొట్టంతటికి తానే పెద్ద ఆయెను. ధనవంతుడాయెను. పల్లె నుండి వచ్చిన పొట్టి కుఱ్ఱవాడు ఎందరికో జీతమిచ్చువాడాయెను. ఇట్టి సమయమున అనేకులు ప్రార్థనకూడికకు చందా పంపి, తాము రావడము మానుదురు. మన సంఘములలోను చూచుచున్నాము: పది ఎకరములు సంపాదించువరకు గుడిలో ముందు కూర్చుండినవాడు, సంపాదించిన తరువాత పండుగలకు మాత్రమే కనబడును. విలియమ్సు గారు అట్లు చేయలేదు. కొట్టులో చేరిన క్రొత్త కుఱ్ఱవాండ్రను తానే పలుకరించి, వారి ఆత్మ సంగతి విచారించుచుండెను. సంపాదనలో చాల భాగమును ప్రభువు పనికి ఇచ్చెను. గొప్ప ఉపన్యాసకుడు కాడు. సభలో మాటలాడుట కంటె ఒక మనిషి భుజము మీద చేయి వేసి మాటలాడుట ఆయనకు చేతనైన విద్య. దేవుని పని చేయవలెనన్న ఉద్యోగము మానవలెను, సేద్యము మానవలెను అనుకొను యువకులు మా యొద్దకు అప్పుడప్పుడు వచ్చుచుందురు. కొందరిని ప్రభువు అట్లు పిలుచును, నిజమే. కాని తూకపు రాళ్లు చేతబట్టుకొని, గజము కొల్లలో మోసము లేక, అరువదేండ్లకు పైగా ఒకే కొట్టులో ఉండి సేవ చేసినవాడు ఈయన. అట్టివారు మాకు పదిమంది ఉండిన, పాదిరి పని సగము తేలికయగును.

ఆ సమాజము ఆటలలోను ప్రసిద్ధి కెక్కెను. సాయంకాలము మన పల్లెల ఖాళీ స్థలములలో వల కట్టి ఆడు వాలీబాలు ఆట 1895లో అమెరికాలోని వై.ఎం.సి.ఏ. వ్యాయామ గురువు ఒకని చేత కల్పింపబడినదని చెప్పిన మన కుఱ్ఱవాండ్రు నమ్మరు. బాస్కెట్‌బాలు ఆటయు 1891లో అక్కడనే పుట్టెను. శరీరమునకు వ్యాయామము మంచిదే. మేము ఆటకు విరోధులము కాము. అయితే ఆట మిగిలి ప్రార్థన జారిపోయిన చోట్లును కలవు. వల కట్టుటకు పండ్రెండుమంది వెంటనే దొరకుదురు. విలియమ్సు గారి గదిలోను పండ్రెండుమందియే.

మన దేశమునకు, మన తెలుగువారికి దీనితో గల సంబంధము చెప్పవలసియున్నది. 1890లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. స్థాపింపబడెను. తిరునెల్వేలి ప్రాంతపు వెళ్ళాలన్‌విళై అను పల్లెలో 1874లో పుట్టిన వేదనాయగము శామ్యూలు అజరయ్య గారు 1895 మొదలు ఆ సమాజములో కార్యదర్శియై యువకుల మధ్య పని చేసెను. తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పంపవలెనని 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ఆయన ముఖ్యుడు. ఆ సొసైటీ పనికి ఎన్నుకొనిన స్థలము నిజాము రాజ్యములోని డోర్నకల్లు. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టినప్పుడును ఆయన అక్కడ నుండెను. 1909లో పట్టణపు ఉద్యోగము వదలి తానే డోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చుకొని, మన పల్లెలలో ఎద్దుబండి మీద తిరిగెను. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకింపబడి, 1945 జనవరి 1వ తేదీన డోర్నకల్లులోనే నిద్రించెను. మాలలును మాదిగలును ఒకే బల్లయొద్ద కూర్చుండవలెనని ఆయన పడిన ప్రయాస మన తాతలు ఎరుగుదురు. లండను మేడగదిలో మోకరించిన గుమాస్తాలకు డోర్నకల్లు పేరైనను తెలియదు.

విలియమ్సు గారు ముసలివారైరి. సమాజమునకు చాల కాలము అధ్యక్షుడుగా నుండిన షాఫ్ట్స్‌బరీ దొర 1885లో చనిపోగా, 1886లో ఈయనను ఆ స్థానమున కూర్చుండబెట్టిరి. 1894లో సమాజమునకు ఏబదియేండ్లు నిండినప్పుడు విక్టోరియా రాణి ఈయనకు సర్ బిరుదమిచ్చెను. 1905 ఏప్రిలులో, ఎనుబది మూడేండ్ల వయస్సున, పారిసులో జరిగిన లోక సమాజముల ఏబదవ వార్షికోత్సవమునకు ఆయన వెళ్లెను. అప్పటికి శరీరము బాగుగా క్షీణించెను. ఆ సంవత్సరము నవంబరు 6వ తేదీన టార్కీ అను సముద్రతీరపు పట్టణమున ఆయన ప్రభువునందు నిద్రించెను. సెయింటు పాల్సు మహా దేవాలయములో ఆయనను సమాధి చేసిరి. అరువది నాలుగేండ్ల క్రిందట, పొట్టివాడని సందేహించుచు పనిలో పెట్టుకొనిన కొట్టునకు అది కూతవేటు దూరము.

మా ఊరి కూడికను శనివారము రాత్రి భోజనములైన తరువాత పెట్టుకొనుచున్నాము. నీళ్ల వంతు ఉన్నవాడు పారతోనే వచ్చి, వంతు సమయమునకు లేచిపోవచ్చును. ఎవరును తప్పు పట్టరు. ఇతర గ్రామముల పెద్దలు అడుగుచున్నారు గనుక వ్రాయుచున్నాము: ఒక అధ్యాయము చదువుట, తరువాత ఊరు విడిచి వెళ్లిన మన కుఱ్ఱవాండ్ర పేర్లు ఒకటొకటిగా చెప్పి ప్రార్థించుట, ఇంతకంటె మొదట ఏమియు పెట్టవద్దు. ఒక్కొక్క పెద్ద ఒక్కొక్క కుఱ్ఱవాని తనదిగా తీసికొని, ఆదివారము రాత్రి వానికి ఫోను చేయవలెను. డబ్బు మాట ఎత్తకుండ, తిన్నావా, గుడికి వెళ్లితివా, గదిలో నీతో ఎవరున్నారు అని అడుగవలెను. వాడుండు చోటికి దగ్గరలో ఏ సంఘమున్నదో మాకు తెలిపినయెడల అక్కడి పాదిరిగారికి మేము ఉత్తరము వ్రాయుదుము. పేర్ల పట్టిక ఒక నోటుపుస్తకములో ఉండనిండు. చదువు రానివారు పేర్లు నోటితో చెప్పిన చాలును, వ్రాయుటకు బడిపిల్లవాడు ఒకడు కూర్చుండును.